పొడి రోడ్డు లెక్క

ఎండ ఎక్కకముందే ఇన్తా రోడ్డు మీద గొంతుక్కూర్చుని బ్రష్షుతో తోముతున్నాడు. పక్కన బకెట్టు నిండా సబ్బునీళ్ళు. తోమడం, నీళ్ళు గుమ్మరించడం, జానెడు ముందుకి జరగడం, మళ్ళీ తోమడం. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు పట్టేస్తున్నా లేవడం లేదు. మనవరాలు ఫాయ్ నిన్న సాయంత్రం ఆ రోడ్డు మీదే పోయింది. నెత్తుటి మరక చూడలేక ముసలాయన కడుక్కుంటున్నాడని వీధిలో అందరూ అనుకున్నారు. ఎవరూ వద్దనలేకపోయారు.

నిన్న, కొత్త ఏడాదికి చేసుకునే సోంక్రాన్ నీళ్ళ పండగ మొదటి రోజు. పొద్దుటి నుంచీ పిల్లలు గేట్ల ముందు డ్రమ్ములు పెట్టుకుని దారిన పోయేవాళ్ళ మీద చల్లటి ఐసునీళ్ళు పోశారు, ఒకళ్ళ చెంపలకి ఒకళ్ళు నీళ్ళలో కలిపిన తెల్లటి సుద్ద పూసుకున్నారు. పొద్దు వాలాక ఎవరి డ్రమ్ములు వాళ్ళు బోర్లించుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఎదురింటి వాళ్ళ గిన్నె వాళ్ళకి ఇచ్చేసి ఫాయ్ రోడ్డు దాటుతుంటే మలుపులోంచి ఐసు దిమ్మల బండి వచ్చింది. వంటింట్లో ఉన్న ఫాయ్ తల్లి, ఇన్తా కూతురు రచనీకి బ్రేకు కీచుమన్న చప్పుడు ఒక్కసారి వినిపించింది. తర్వాత ఏమీ లేదు. ఆ తర్వాత ధబ్బుమంది.

ఇప్పుడు ఇంటి ముందు షామియానా లేచింది. ముందుగదిలో శవం ఉన్న పెట్టె, పెట్టె చుట్టూ పూలు, స్కూలు యూనిఫారంలో ఫాయ్ ఫోటో. ఆడవాళ్ళు వరండాలో కూర్చుని రాత్రికి వచ్చేవాళ్ళ కోసం అరిటాకుల్లో తీపి పొట్లాలు కడుతున్నారు. ఎదురింటి జాంపీ బకెట్టు నింపి ఇన్తా దగ్గర పెడుతూ, "ఏటేటా ఇంటి పీడంతా రోడ్డున పారబోసి సాగనంపేవాడివి కదా పెద్దాయనా, ఈ ఏడు అదెక్కడికీ పోలేదు చూడు," అని ముక్కు చీదుకుంది. ఓదార్పుగానే అంది. ఇన్తా చేతిలో బ్రష్షు ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

ఎస్సై నరిన్ వచ్చి చెప్పులు మెట్ల కింద వదిలి నేల మీద కూర్చున్నాడు. ఒకప్పుడు రచనీ దగ్గర ఫిజిక్స్ చదువుకున్నవాడే. యూనిఫారం వేసుకున్నా ఆమె ముందు కుర్చీలో కూర్చోడు.

"బ్రేకు మార్కుల పొడవెంత, నరిన్?" అంది రచనీ.

"ఇప్పుడెందుకు టీచర్ అవన్నీ..."

"ఎంత అని అడిగాను."

"ముప్పై ఆరు మీటర్లు."

"నువ్వే కొలిచావా?"

"టేపు నేనే పట్టుకున్నాను టీచర్. బ్రేకు మార్కు మొదలైన చోటి నుంచి బండి ఆగిన చోటి దాకా."

రచనీ కళ్ళు మూసుకుంది. క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడు వచ్చే గొంతే వచ్చింది. "నాలుగు నెలలుగా చినుకు లేదు. పొడి తారు. చక్రాలు బిగుసుకుపోతే వేగం సెకను సెకనుకీ ఏడు మీటర్ల చొప్పున పడిపోతుంది. రెండేడులు పద్నాలుగు. పద్నాలుగు ముప్పయ్యార్లు అయిదువందల నాలుగు. దాని వర్గమూలం ఇరవై రెండూ చిల్లర." కళ్ళు తెరిచింది. "గంటకి ఎనభై కిలోమీటర్లు. మలుపులో యాభై అని బోర్డుంది. ఏమన్నాడు వాడు?"

"యాభైలోనే వచ్చానన్నాడు."

వరండాలో చేతులన్నీ ఆగిపోయాయి. "అబద్ధాలకోరు వెధవ!" అంది జాంపీ. "అంత వేగంలో వచ్చి బిడ్డని మింగేసి, పైగా అబద్ధమా!"

ఇంకెవరు చెప్పినా నరిన్ ఇంకోసారి ఆలోచించేవాడేమో. చెప్పింది టీచరు. తల ఊపి లేచాడు. "ఎనభై అయితే కేసు వేరే టీచర్. జైలు తప్పదు."

"తప్పకూడదు," అంది రచనీ.

సాయంత్రానికల్లా ఆ అంకె ఊరంతా తిరిగొచ్చింది. సంతలో చేపలమ్మే ఆవిడ కూడా ఎనభై అంటోందట. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు బండి తాళాలు వెనక్కి తీసేసుకున్నారట.

భిక్షువుల మంత్రాలు అయిపోయి, వాళ్ళు విసనకర్రలు పక్కన పెట్టి మంచినీళ్ళు తాగుతుండగా గేటు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. ఐసు బండి నడిపిన దేచా వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, ఎవరిదో నల్లచొక్కా అడిగి వేసుకున్నట్టున్నాడు, భుజాల దగ్గర జారిపోతోంది. పెద్దమనుషుల హామీ మీద పోలీసులు వదిలారు. చేతుల్లో పళ్ళెం, పళ్ళెంలో పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి. చావుకి కారణమైనవాడు శవం ముందు, అయినవాళ్ళ ముందు క్షమాపణ అడిగి ఆ పళ్ళెం ఇవ్వాలి. వాళ్ళు అందుకుంటేనే క్షమించినట్టు. వెనకే వాళ్ళమ్మ బువా, కొడుకు చొక్కా అంచు వదలకుండా వస్తోంది.

దేచా ఈ ఇంటికి కొత్తవాడు కాదు. పండగ రోజు పొద్దున ఇన్తా డ్రమ్ములోకి రెండు ఐసు దిమ్మలు దించి పెట్టింది వాడే. ఫాయ్ వాడి మెడ మీద సుద్ద పూసి పరిగెత్తింది కూడా.

పెట్టె ముందు మూడుసార్లు మొక్కి, మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి రచనీ ముందు పళ్ళెం ఎత్తాడు. "టీచర్, నన్ను క్షమించండి."

రచనీ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. "ఎంత వేగంలో వచ్చావు?"

"యాభై, టీచర్."

"మళ్ళీ చెప్పు."

"ముల్లు యాభై దగ్గరే ఉంది టీచర్. వెనక ఐసు ఉంటే అంతకన్నా తొక్కను, దిమ్మలు జారిపోతాయి. పాపని చూడగానే బ్రేకు తొక్కాను. తొక్కి అలాగే పట్టుకున్నాను. బండి నా మాట వినలేదు. ఎంతకీ ఆగలేదు."

"ఇప్పుడు తప్పు బండిదైందా?" అన్నారెవరో వెనక నుంచి.

"శవం ముందు కూడా నిజం రాదురా నీ నోట్లోంచి?" అంది జాంపీ.

బువా ఇంక ఆగలేకపోయింది. కొడుకు జబ్బ మీద గట్టిగా గిల్లింది. "ఎనభై అనరా! ఆవిడ లెక్క వేసి మరీ చెప్పింది. అంత చదువుకున్నావిడ కన్నా నీకు ఎక్కువ తెలుసా? అనేసెయ్, పాపం వదిలిపోతుంది. అనరా నా తండ్రీ!"

"అమ్మా, నేను..."

"అను!"

పెట్టె పక్కన అగరొత్తి పట్టుకుని నిలబడ్డ ఇన్తా, పెదవి కదిపాడు. ఒత్తి బూడిద వేళ్ళ మీద రాలింది. దాన్ని దులపకుండానే పెరట్లోకి వెళ్ళిపోయాడు.

దేచా రచనీ ముఖంలోకి చూశాడు. నిన్నటి నుంచీ నిద్ర లేని ఆ కళ్ళలో ఏం కనిపించిందో, తల దించేసుకున్నాడు. "ఎనభై, టీచర్. ఎనభైలో వచ్చాను."

రచనీ పళ్ళెం అందుకుంది. బువా నేలకి నుదురు ఆనించి బావురుమంది. లెక్కకి జవాబు సరిపోయింది. సరిపోయినందుకు రచనీకి ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని ఆమె తర్వాత ఎన్నడూ క్షమించుకోలేకపోయింది.

దహనం అయింది. ఫాయ్ తండ్రి వేరే కాపురం పెట్టి చాలా కాలమైంది, అతనూ వచ్చి వెనక వరసలో నిలబడి, అందరిలాగే కాగితప్పువ్వు చితి మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న అస్థికలు కొబ్బరినీళ్ళతో కడిగి తెల్లగుడ్డలో మూట కట్టించుకుని రచనీ ఇంటికొచ్చింది. షామియానా విప్పేస్తున్నారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తున్నారు. ఇన్తా మళ్ళీ రోడ్డు మీదే ఉన్నాడు.

మూట ఫోటో ముందు పెట్టి, తండ్రిని అన్నానికి లేపుదామని బయటికొచ్చింది. ఇన్ని రోజుల్లో ఆ రోడ్డు వంక ఆమె చూడటం అదే మొదలు. ఎదురింటి కరెంటు స్తంభం దగ్గర రెండు నల్లటి చారలు మొదలయ్యాయి. అవి చూడాలంటే ఇన్నాళ్ళూ భయమేసింది. ఇప్పుడు చూస్తూ పక్కనే నడిచింది. తమ కంచె మూల దాకా వచ్చి చారలు రెండూ ఒక్కచోటే ఆగిపోయాయి.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎంత సాగదీసి చూసినా ఆరు మీటర్లకి మించవు. మిగతా ముప్పై ఏవి?

"నాన్నా, చారలు కూడా తోమేశావా?"

ఇన్తా తలెత్తలేదు. "ఏం చారలు? నల్లవి ఎంత రుద్దినా పోవమ్మా."

నిజమే. తారులో కాలిన టైరు రబ్బరు సబ్బుకి పోదు, వానాకాలం దాటినా పోదు. అయితే మూడు పొద్దులుగా ఈయన తోముతున్నదేమిటి? రచనీ వంగి తండ్రి చేతిలో బ్రష్షు తీసుకుంది. కుచ్చు మొదట్లో, సబ్బు పోని చోట, తెల్లగా గట్టిపడి ఉంది. గోటితో గీకింది. సుద్ద.

ఇన్తా బ్రష్షు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చేసింది.

లోపలికెళ్ళి నరిన్‌కి ఫోన్ చేసి ప్రమాదం జరిగిన సాయంత్రం తీసిన ఫోటోలు పంపమంది. వచ్చాయి. టార్చి వెలుగులో రోడ్డు. స్తంభం దగ్గర నల్లచారలు. కంచె మూల నుంచి ముందుకి రోడ్డంతా తెల్లగా, చిక్కగా, తడిగా సుద్ద. ఆ తెలుపులో ముగ్గుపిండి మీద వేళ్ళతో గీసినట్టు రెండు బారు గీతలు. పోలీసులకి ఇందులో వింతేమీ కనిపించి ఉండదు. పండగ నాడు ఏ వీధి తెల్లగా లేదు గనక? తెల్లారేసరికి ఎండిపోయింది. ఎండినదాన్ని ముసలాయన కడిగేశాడు.

పిల్లలు చల్లిన నీళ్ళయితే ఆ ఎండకి ఎప్పుడో ఇగిరిపోయేవి. ఇది చల్లింది కాదు, పోసింది. గేటు పక్కన నీలం డ్రమ్ము ఇంకా బోర్లించే ఉంది. పండగ మొదటి రోజు పొద్దువాలగానే డ్రమ్ములో మిగిలిన సుద్దనీళ్ళు అడుగు మడ్డితో సహా రోడ్డు మీద పారబొయ్యడం ఆ ఇంట్లో తాతల నాటి అలవాటు. పెరట్లో పొయ్యకూడదు. పాత ఏటి పీడ రోడ్డు పట్టుకుని పోవాలి.

చప్పుడు గుర్తొచ్చింది. కీచుమని ఒక్కసారి, తర్వాత ఏమీ లేదు. పొడి రోడ్డు మీద ముప్పై ఆరు మీటర్లు ఈడ్చుకొస్తే టైర్లు ఆ మేరంతా అరుస్తాయి. ఆ సంగతి ఏడాదికి ఒకసారి క్లాసులో చెబుతుంది తను. తన చెవులతో తనే విని, తనే వదిలేసింది.

గేటు మెట్టు మీద కూర్చుంది. డ్రమ్ము అంచున ఎండిన సుద్దపెళ్ళ విరిచి, దాంతోనే సిమెంటు మీద వేసింది లెక్క. ఆరు మీటర్లు పొడి, ఏడు చొప్పున. ముప్పై మీటర్లు సుద్దబురద, దాని మీద వేగం సెకనుకి రెండు మీటర్లు తగ్గితే గొప్ప. రెండూ కలిపి, వర్గమూలం తీసి, గంటల్లోకి మార్చింది. యాభై ఒకటి.

చెయ్యి ఆగితే బాగుండేది. ఆగలేదు, రెండో లెక్క కూడా వేసింది. అదే వేగం, అదే బ్రేకు, రోడ్డంతా పొడి. రెండు సెకన్లు. పదిహేను మీటర్ల లోపే ఆగిపోతుంది. ఫాయ్ నిలబడ్డది చారలు మొదలైన చోటి నుంచి ఇరవై మీటర్ల దగ్గర.

ఫాయ్‌కి అయిదు మీటర్ల ఇవతల ఐసు బండి నిలబడిపోయేది. దేచా కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏయ్ పిల్లా, కళ్ళు నెత్తికెక్కాయా!" అని అరిచేవాడు. ఫాయ్ నాలిక బయటపెట్టి వెక్కిరించి, గేటు తోసుకుని లోపలికి వచ్చేది. అన్నానికి ఏముందని అడిగేది.

పరీక్షల ముందు ఇదే మెట్టు మీద కూర్చుని ఫాయ్ ఈ లెక్కే చేసింది. "అన్నిట్లోనూ పొడి రోడ్డేనా అమ్మా? పండక్కి మన ఊళ్ళో పొడి రోడ్డెక్కడుంటుంది?" అంది నవ్వుతూ. "అడిగిందానికి జవాబు రాయి, అతి తెలివి వద్దు," అంది తను.

రచనీ తడిచేత్తో సిమెంటు తుడిచేసింది. తర్వాత అదే చేతిని నోటికి అడ్డం పెట్టుకుని, తండ్రికి వినపడకుండా ఏడ్చింది.

పోలీస్ స్టేషన్‌లో నరిన్ ఫ్యాను ఆమె వైపు తిప్పి, దేచాని కూడా పిలిపించాడు. వాడు గోడవారగా నిలబడ్డాడు. నాలుగు రోజుల్లో సగమయ్యాడు.

"నేను లెక్క తప్పు చేశాను," అంది రచనీ. "రోడ్డు పొడిగా ఉందని నాకు నేనే అనేసుకున్నాను. ఆరు మీటర్లే పొడి. తర్వాతదంతా సుద్దనీళ్ళు. ఈ అబ్బాయి యాభైలోనే వచ్చాడు. బ్రేకు వెయ్యాల్సిన చోటే వేశాడు. ఎవరు నడిపినా ఆ బురద మీద బండి ఆగదు."

నరిన్ ఫోటోలు మళ్ళీ తీసి చూసుకున్నాడు. ఎంతోసేపు చూశాడు. "నేనూ గమనించలేదు టీచర్. మీరు చెప్పేసరికి..."

"నేను చెబితే మాత్రం! అడగాలి కదా నువ్వు. ఏ రోడ్డు టీచర్ అని అడగాలి కదా." కోపం నరిన్ మీద కాదని ముగ్గురికీ తెలుసు.

అతను పెన్ను తీశాడు. "రాసుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. ఆ నీళ్ళు పోసిందెవరు?"

"నేనే."

"మీరు వంటింట్లో ఉన్నారని అన్నారు."

"పోసి వంటింట్లోకి వెళ్ళాను."

నరిన్ ఆమె ముఖం వంక చూశాడు. పరీక్షలో దొంగచూపులు చూసేవాళ్ళని రచనీ ఇలాగే చూసేది. అతను చూపు దించుకుని, ఆమె చెప్పినట్టే రాశాడు.

రచనీ దేచా వైపు తిరిగింది. "యాభై అని తెలిసీ ఎనభై అని ఎందుకన్నావు?"

వాడు చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "మీరు ఆ అంకె కోసమే ఎదురుచూస్తున్నట్టు అనిపించింది టీచర్. పాపని ఎలాగూ తెచ్చివ్వలేను కదా. అదొక్కటీ అయినా ఇద్దామని." గుండీ ఇటు తిప్పి అటు తిప్పాడు. "అన్నాక నాకూ అనుమానమొచ్చింది. నిజంగా ఎనభై తొక్కానేమో, ముల్లు సరిగ్గా చూడలేదేమోనని. పడుకుంటే కాలు దానంతటదే బ్రేకు తొక్కుతోంది టీచర్. ఎంత తొక్కినా ఆగట్లేదు."

రచనీ లేచి రెండు చేతులూ జోడించి వాడికి నమస్కారం పెట్టింది. దేచా బెదిరిపోయి గోడకి అంటుకుపోయాడు. "వద్దు టీచర్! పెద్దవాళ్ళు మీరు నాకు మొక్కితే నాకు ఆయుక్షీణం!" ఆమె చేతులు పట్టుకుని కిందికి దించడానికి వచ్చి, ముట్టుకోవచ్చో లేదో తెలియక అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆమె ఇల్లు చేరేసరికి ఇన్తా గేటు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. బ్రష్షు ఒళ్ళో ఉంది. రచనీ వచ్చి పక్కన కూర్చుంది.

"స్టేషన్‌కి వెళ్ళావంటగా. జాంపీ చెప్పింది."

"వెళ్ళాను."

"ఐసు కుర్రాడు?"

"వాడి తప్పేం లేదు నాన్నా. ఆ మాటే చెప్పొచ్చాను."

ఇన్తా తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. "పళ్ళెం పట్టుకుని వాడు అలా కూర్చున్నప్పుడే చెబుదామనుకున్నా. నోరు రాలేదు. సుద్దనీళ్ళు పోసింది నేనమ్మా."

"తెలుసు నాన్నా."

"పీడ పోవాలని పోశాను. ఇంట్లో అందరూ చల్లగా ఉండాలని."

"తెలుసు."

"పోలీసు వస్తే నేనే..."

"నువ్వేమీ అనొద్దు. నేను పోశానని రాయించాను. ఇంక దాని ఊసెత్తొద్దు."

ఇన్తా బ్రష్షు కుచ్చు బొటనవేలితో దువ్వాడు. తర్వాత కూతురి వైపు చూడకుండా అడిగాడు. "ఒక్కటి చెప్పమ్మా. నువ్వు ఈ లెక్కలు పిల్లలకి చెబుతావు కదా. ఆ నీళ్ళే లేకపోతే, బండి ఆగేదా?"

రెండు సెకన్లు. పదిహేను మీటర్ల లోపే. ఫాయ్‌కి అయిదు మీటర్ల ఇవతల. పలక మీద రాసినట్టు కళ్ళ ముందే ఉంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తప్పని తెలిసీ ఒక్క జవాబు కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు.

"ఆగేది కాదు నాన్నా," అంది రచనీ. "పొడి రోడ్డయినా ఆగేది కాదు. లెక్క వేసి చూశాను."

"రెండోసారి చూసుకున్నావా?"

"చూసుకున్నాను."

"మా అమ్మ లెక్క తప్పదు తాతయ్యా అనేది పిల్ల." ఇన్తా బ్రష్షు ఆమె చేతిలో పెట్టాడు. "సరేలే తల్లీ. నువ్వు చెప్పాక ఇంకేముంది."

ఆ పూట ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. రచనీ బ్రష్షు తీసుకెళ్ళి స్నానాలగది తలుపు వెనక మేకుకి తగిలించింది. పోన్లే, ఈయనైనా మిగిలాడనుకుంది.

పొద్దున్నే చప్పుడుకి మెలకువ వచ్చింది. బరబరా, ఆగి, నీళ్ళ చప్పుడు, మళ్ళీ బరబరా. లేచి చూస్తే మేకుకి బ్రష్షు లేదు. ఆయన నమ్మలేదు. నమ్మలేదని ఆమెకి తెలిసిపోయిన సంగతి ఆయనకి తెలియకూడదు.

రచనీ పిలవలేదు. ఫాయ్ పాత తువ్వాళ్ళు రెండు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. మరక ఎక్కడా లేదు, తారు నల్లగా మెరుస్తోంది. తండ్రి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన తోమి నీళ్ళు పోసినంత మేరా తువ్వాలుతో అద్ది, పిండి, మళ్ళీ అద్దుతూ పొడిగా తుడవడం మొదలుపెట్టింది. ఆయన జానెడు జరిగితే తనూ జానెడు జరిగింది. మలుపు అవతల ఏదో బండి చప్పుడయింది. ఆమె ఇంకా వేగంగా తుడిచింది.